మద్రాసు నుంచి మకావు దాకా: చిత్రకారుడు జార్జ్ చిన్నరీ



కువైట్‌లోని ఫర్వానియాలో ఫోటో స్టూడియోలకు కరువు లేదు. సివిల్ ఐడీకి ఒక ఫోటో, పాస్‌పోర్టు రెన్యువల్‌కి మరో ఫోటో. ఇంటికి పంపుకునే ఫోటోకైతే ఇప్పుడు స్టూడియో కూడా అక్కర్లేదు. రాయచోటిలో పాప కొత్త గౌను వేసుకుని నిలబడితే, ఆ బొమ్మ మరుక్షణం కువైట్‌లో వంట చేస్తున్న తల్లి ఫోన్‌లో పడుతుంది. రెండు వందల ఏళ్ల కిందట ఇదే పనికి ఒక మనిషి కావాల్సి వచ్చేది. రంగులు, కుంచెలు, గుడ్డ పట్టుకుని రోజుల తరబడి ఎదురుగా కూర్చునే మనిషి. ఊరుగాని ఊళ్లో ఉన్నవాళ్ల ముఖాలు ఇంటికి పంపడం, దూరమైపోతున్న పిల్లల ముఖాలు తల్లిదండ్రుల దగ్గర ఉంచడం అతని వృత్తి. అలాంటి వృత్తిలో యాభై ఏళ్లు గడిపిన ఒక ఇంగ్లీషు చిత్రకారుడి గురించి ఈ ప్రసంగం. పేరు జార్జ్ చిన్నరీ. హైదరాబాదులో పుట్టిన ఇద్దరు పిల్లల బొమ్మ గీసినవాడు. అందరి ముఖాలూ వాళ్ల వాళ్ల ఇళ్లకు చేర్చి, తాను మాత్రం ఇంటి ముఖం చూడనివాడు.

చిన్నరీ 1774 జనవరి 5న లండన్‌లో పుట్టాడు. ఫ్లీట్ స్ట్రీట్ పక్కన గఫ్ స్క్వేర్ అనే చోట వాళ్ల ఇల్లు. తాత, తండ్రి ఇద్దరూ చక్కటి దస్తూరి నేర్పే గురువులు. అక్షరం తిప్పే చెయ్యి ఆ వంశంలోనే ఉంది. దాంతోపాటు గర్నీ అనే ఆయన కనిపెట్టిన షార్ట్‌హ్యాండ్ కూడా చిన్నరీకి వచ్చు. జీవితాంతం తన పెన్సిల్ స్కెచ్‌ల అంచుల్లో ఆ గీతల్లోనే గుర్తులు రాసుకున్నాడు. ఈ కొలత సరిగ్గా వచ్చింది, ఇక్కడ నీడ పెంచాలి, ఇది మళ్లీ వెయ్యాలి అన్న తరహా మాటలు. ఆ లిపి చదవడం వచ్చినవాళ్లకు ఆ కాగితాలు డైరీలా ఉపయోగపడ్డాయి.

1792లో రాయల్ అకాడమీ పాఠశాలలో చేరాడు. 1796లో డబ్లిన్ వెళ్లాడు. అక్కడ కాలేజ్ గ్రీన్ దగ్గర నగల వ్యాపారి జేమ్స్ వీన్ ఇంట్లో అద్దెకు దిగి, ఇంటి యజమాని కూతురు మేరియన్‌ను 1799లో పెళ్లి చేసుకున్నాడు. 1800లో కూతురు మటిల్డా, ఆ మరుసటి సంవత్సరం కొడుకు జాన్ పుట్టారు. సంసారం మొదలైంది. కానీ ఊళ్లో గిరాకీ పడిపోయింది. 1801 నుంచి ఐర్లండ్ పార్లమెంటు రద్దయి లండన్ పార్లమెంటులో కలిసిపోయింది. డబ్లిన్‌లో బొమ్మలు గీయించుకునే ప్రభువులందరూ మూటా ముల్లె సర్దుకుని లండన్ వెళ్లారు. కలిగినవాళ్లు కదిలిపోయిన ఊళ్లో చిత్రకారుడు ఎవరిని చూసి బతకాలి?

అతని సోదరుడు జాన్ అప్పటికే మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడు. ముందు వెళ్లిన సొంతవాడు ఒకడు ఉంటే దారి సుగమం అవుతుందన్నది కువైట్ వచ్చినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంపెనీ అనుమతి సంపాదించి, 1802 జూన్ 11న గిల్వెల్ అనే ఓడ ఎక్కాడు చిన్నరీ. భార్య, ఇద్దరు పసిపిల్లలు వెనకే ఉండిపోయారు. మద్రాసు చేరేసరికి డిసెంబరు 21. ఆరు నెలల సముద్రం. అప్పుడతనికి ఇరవై ఎనిమిదేళ్లు. మళ్లీ ఇంగ్లండు నేల తొక్కలేదు.

అన్నట్టు, ఆ కంపెనీ కువైట్‌కూ కొత్తది కాదు. బస్రాలో ఉన్న కంపెనీ వ్యాపార స్థావరం 1793 నుంచి రెండేళ్లపాటు కువైట్‌కు మారింది. మద్రాసులో కొలువు ఇచ్చిన చేతులే ఈ తీరాన కూడా లెక్కలు రాశాయి.

మద్రాసులో అప్పుడు రేవు లేదు. ఓడలు నడిసముద్రంలో లంగరు వేస్తే, అలల మీద నుంచి మనుషుల్ని ఒడ్డుకు చేర్చేవి మసూలా పడవలు. మేకు అన్నది లేకుండా, పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టి కట్టిన పడవలు. అల కొడితే విరగకుండా వంగేవి. దొరలైనా గవర్నరైనా ఆ పడవలో తడిసి ముద్దై దిగాల్సిందే. ఈ పడవలూ, వాటిని నడిపే బెస్తవాళ్లూ చిన్నరీ కళ్లకు పండుగ. వాళ్లను లెక్కలేనన్ని సార్లు గీశాడు. పొట్ట నింపింది మాత్రం ముఖాలే. డబ్బులిచ్చేది అవే.

ముఖాలు గీసేవాళ్లు మద్రాసుకు అంతకు ముందే వచ్చారు. 1769 ప్రాంతంలో టిల్లీ కెటిల్ వచ్చి ఆర్కాటు నవాబు మహమ్మదాలీని గీశాడు. తరువాత డబ్లిన్ వాడు థామస్ హికీ మద్రాసులో చాలాకాలం ఉన్నాడు. ఈ హికీ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చాడు. 1816లో సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ నిలువెత్తు బొమ్మ గీస్తూ, పక్కన ఆయన దగ్గర పనిచేసిన ముగ్గురు భారతీయుల్ని కూడా నిలబెట్టాడు. అందులో ఒకరు ఏలూరుకు చెందిన కావలి సోదరుల్లో లక్ష్మయ్య అని చెబుతారు. కైఫీయత్తుల పుణ్యమా అని ఊరూరా చరిత్ర మిగిల్చిన ఆ తెలుగు పండితుల ముఖం అనుకోదగ్గది మనకు దక్కిందంటే ఆ కాన్వాసు వల్లే. బొమ్మ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. డబ్బిచ్చింది దొర. ఊరికే వచ్చింది మనకు.

ఇక చిన్నరీ దగ్గరికి. మద్రాసులో అతను గీసినవాటిలోకెల్లా మేటి బొమ్మ 1805 నాటిది. అతని జీవితం మొత్తంలోనే మేటిది అంటే కూడా పెద్ద తప్పు కాదు. దాని వెనక కథ హైదరాబాదుది.

అప్పట్లో నిజాం కొలువులో కంపెనీ తరఫున ఉండే రెసిడెంటు పేరు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. పర్షియన్, హిందుస్థానీ అనర్గళంగా మాట్లాడేవాడు. హుక్కా పీల్చేవాడు. మొగలాయీ దుస్తులు వేసేవాడు. నిజాం అతనికి హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. ఆ తరువాత దివాన్ పదవి చేపట్టిన మీర్ ఆలం బంధువుల్లో సయ్యద్ వంశపు అమ్మాయి ఖైరున్నీసా. వీళ్లిద్దరి ప్రేమ, 1800 చివర్లో ముస్లిం పద్ధతిలో పెళ్లి హైదరాబాదును కుదిపేశాయి. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణకు ఆదేశించాడు. కిర్క్‌పాట్రిక్ ఉద్యోగం ఊడినంత పనై నిలిచింది. ఈ కథను విలియం డాల్రింపుల్ 2002లో వైట్ మొఘల్స్ అన్న పుస్తకంలో విస్తారంగా చెప్పాడు.

ఆ దంపతులకు ఇద్దరు పిల్లలు. 1801లో కొడుకు, ఇంట్లో సాహిబ్ ఆలం. 1802లో కూతురు, సాహిబ్ బేగం. ఇంట్లో మాట్లాడేది హిందుస్థానీ. ఆడుకున్నది జనానాలో, అమ్మమ్మ షర్ఫున్నీసా ఒడిలో. కానీ కంపెనీ ఉద్యోగుల పిల్లల్ని చదువుకు ఇంగ్లండు పంపడం అప్పటి రివాజు. ఇద్దరిదీ సగం హిందుస్థానీ రక్తం కాబట్టి, ఇక్కడే పెరిగితే కంపెనీలో పై కొలువులకు తలుపులు మూసుకున్నట్టే. ఆ కొత్త నిబంధనలు అప్పటికే వచ్చాయి. తండ్రి నిర్ణయించాడు. నాలుగేళ్ల కొడుకు, మూడేళ్ల కూతురు మద్రాసుకు ప్రయాణమయ్యారు. అక్కడ ఓడ ఎక్కేలోగా వాళ్ల బొమ్మ గీయించి తల్లికి పంపాలన్నది ఏర్పాటు. ఆ పని చిన్నరీకి అప్పగించారు.

రేడియోలో బొమ్మ చూపించలేం కాబట్టి మాటల్లో వినండి. నిలువెత్తు కాన్వాసు. పిల్లలు మెట్ల మీద ఉన్నట్టు నిలబడ్డారు. ఇద్దరి మీదా హైదరాబాదు దర్బారు దుస్తులు, జరీ, తలల మీద టోపీలు, ముత్యాలు. వెనక చీకటి తెర. అంత ఖరీదైన బట్టలు చూడగానే కంటికి తగలాలి. కానీ తగలవు. ముందు తగిలేవి పిల్లాడి కళ్లు. నల్లగా, పెద్దగా ఉన్న ఆ కళ్లలో పండుగ బట్టలు వేసుకున్న పిల్లాడి సంబరం లేదు. చెల్లెలు అన్నకు దగ్గరగా జరిగి నిలబడింది. గవర్నర్లనూ జడ్జీలనూ గీసినప్పుడు చిన్నరీ కొంచెం నాటకం కలిపేవాడు. ఎర్ర తెరలు, స్తంభాలు, తుఫాను మబ్బులు దట్టించేవాడు. ఇక్కడ ఆ నాటకమంతా వెనక్కి తగ్గింది. డబ్లిన్‌లో అతను వదిలి వచ్చిన పిల్లలిద్దరూ సుమారు ఈ వయసు వాళ్లే. అది గుర్తొచ్చి గీశాడని ఎవరూ రుజువు చెయ్యలేరు. కానీ ఆ తారీఖులు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు ఆ ఆలోచన రాకుండా ఉండదు.

1805 సెప్టెంబరులో లార్డ్ హాక్స్‌బరీ అనే ఓడలో పిల్లలు వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి, అక్టోబరు 15న, పని మీద కలకత్తా వెళ్లిన తండ్రి జబ్బు చేసి అక్కడే కన్నుమూశాడు. పిల్లలు 1806 మార్చిలో లండన్‌లో బాప్టిజం పొంది విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయ్యారు. ఇంట్లో పిలుపు కిట్టీ. ఆ తరువాత వాళ్లు అమ్మను చూడలేదు.

ఖైరున్నీసాకు మిగిలింది ఆ చిత్రమే. ఆమె కథలో తరువాతి అంకం ఇంకా చేదు. కిర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకు దగ్గరయ్యాడు. ఆ సంగతి బయటపడ్డాక మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టనివ్వలేదు. మచిలీపట్నంలో ఉండాల్సి వచ్చింది. ఒకప్పుడు ఓడలతో కిటకిటలాడి, అప్పటికి కళ తప్పిన బందరు అది. రస్సెల్ మద్రాసు వెళ్లి 1808లో వేరే ఆమెను పెళ్లాడాడు. చివరికి హైదరాబాదు తిరిగి వచ్చిన ఖైరున్నీసా 1813లో, ముప్పై ఏళ్లు రాకుండానే పోయింది. బొమ్మ మాత్రం రస్సెల్ చేతికి చేరి, అతనితోపాటు ఇంగ్లండులోని స్వాలోఫీల్డ్ భవనానికి వెళ్లింది.

విలియం 1828లో చనిపోయాడు. కిట్టీ అందగత్తెగా పెరిగింది. యువకుడు థామస్ కార్లైల్ ఆమె మీద మనసు పడ్డాడనీ, అతని సార్టర్ రిసార్టస్‌లో బ్లూమీన్ అనే అమ్మాయికి ఆమే మూలమనీ చాలామంది అంటారు. 1829లో కెప్టెన్ ఫిలిప్స్‌ను పెళ్లి చేసుకుంది. ఏళ్ల తరువాత ఎవరో స్నేహితులతో కలిసి స్వాలోఫీల్డ్‌కు వెళ్తే, గోడ మీద తానూ అన్నా కనిపించారు. అక్కడే ఏడ్చేసిందట. ఆ ఇంటి వైపు నుంచే హైదరాబాదులో అమ్మమ్మ ఇంకా బతికే ఉందని తెలిసింది. 1840లలో అమ్మమ్మా మనవరాలూ ఉత్తరాలు రాసుకున్నారు. ముసలావిడ పర్షియన్‌లో రాయిస్తే, ఇటు ఇంగ్లీషులో జవాబు. మూడేళ్ల వయసులో విన్న తల్లి ఏడుపు తనకు ఇంకా గుర్తుందని కిట్టీ రాసింది. 1852లో రస్సెల్ చనిపోతూ ఆ చిత్రాన్ని ఆమెకే రాసిచ్చాడు. అతను జీవితంలో చేసిన పనుల్లో మెచ్చుకోదగ్గది ఇదొకటి దొరుకుతుంది. కిట్టీ 1889లో టార్కీలో కన్నుమూసింది.

చిత్రకారుడిని మద్రాసులో వదిలేసి చాలా దూరం వచ్చాం. వెనక్కి వెళ్దాం. 1807లో అతన్ని కలకత్తాకు పిలిపించింది కూడా ఆ రస్సెల్ కుటుంబమే. బెంగాల్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ హెన్రీ రస్సెల్, అంటే మనం చెప్పుకున్న రస్సెల్ తండ్రి, నిలువెత్తు చిత్రం గీయాలి. గీశాడు. పేరొచ్చింది. తరువాత కొన్నేళ్లు ఢాకాలో కలెక్టరు చార్లెస్ డాయ్లీకి స్నేహితుడుగా, గురువుగా గడిపాడు. 1812లో కలకత్తా తిరిగొచ్చి నగరంలోనే పెద్ద చిత్రకారుడయ్యాడు. అతని స్టూడియో ఎంత ప్రసిద్ధమంటే, డాయ్లీ తరువాత రాసిన టామ్ రా అనే హాస్య కావ్యంలో కొత్తగా ఇండియాకు దిగిన కుర్రాడిని బొమ్మ గీయించుకోవడానికి అక్కడికే తీసుకెళ్తాడు.

కలకత్తాలో గీసిన చిన్న బొమ్మ ఒకటి సాహిత్యం చదివేవాళ్లకు ముఖ్యం. తల్లి, తండ్రి, పుస్తకాల దొంతర మీద కూర్చున్న మూడేళ్ల పిల్లాడు. 1814 నాటిది. ఆ పిల్లాడు కలకత్తాలో పుట్టిన విలియం మేక్‌పీస్ థాకరే, తరువాత వానిటీ ఫెయిర్ రాసినవాడు. తండ్రి పోయాక వాణ్ణి కూడా ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపేశారు. అలా చిన్నరీ గీసిన పిల్లలు ఒక్కొక్కరూ రేవు వైపే నడిచినట్టు కనిపిస్తారు.

డబ్బు బాగా వచ్చింది. అంతకంటే బాగా పోయింది. పది బొమ్మలు మొదలుపెట్టి రెండు పూర్తి చేసే మనిషి. అడ్వాన్సు ముందే ఖర్చయ్యేది. అప్పుల విషయంలో కుటుంబ చరిత్ర కూడా అంతంత మాత్రమే. లండన్‌లో ఖజానా శాఖలో గుమాస్తాగా ఉన్న పెద్దన్న విలియం సుమారు 80 వేల పౌన్ల ప్రభుత్వ సొమ్ము వాడేసుకుని 1812లో స్వీడన్ పారిపోయాడు.

ఈలోగా కుటుంబం తనంత తాను కలకత్తాకు వచ్చింది. ముందు 1817లో మటిల్డా వచ్చింది. పసిగుడ్డుగా వదిలిన కూతురు పదిహేడేళ్ల యువతిగా ఎదురుపడింది. మరుసటి ఏడు భార్య మేరియన్ వచ్చింది. పదహారేళ్ల తరువాత కలిసిన దంపతులు. అతను మంచి భర్త అని చెప్పడానికి ఎక్కడా ఆధారం దొరకదు. తరువాత కొడుకు జాన్ కూడా వచ్చాడు, 1822లో బహరంపూర్‌లో చనిపోయాడు. ఒడిశా బరంపురం కాదు, బెంగాల్‌లోని ఊరు. ఆ చావు గురించి చిన్నరీ బయట ఎక్కువ మాట్లాడిన మనిషి కాదు. కానీ ఆ తరువాత కలకత్తాలో అతని బతుకు పట్టు తప్పింది.

1823లో అప్పులవాళ్లకు దొరక్కుండా సెరంపూర్ వెళ్లిపోయాడు. కలకత్తాకు దగ్గర్లోనే, హుగ్లీ నది అవతలి ఒడ్డు. కానీ అది డెన్మార్క్ వాళ్ల ఏలుబడి, ఇంగ్లీషు కోర్టు కాగితం అక్కడ చెల్లదు. కువైట్‌లో ఇప్పుడు అప్పు కేసు పడితే ట్రావెల్ బ్యాన్ పడి విమానాశ్రయంలోనే ఆగిపోవాలి. అప్పట్లో పడవవాడికి నాలుగు డబ్బులిస్తే సరిపోయేది. అక్కడా ఎంతకాలం? 1825లో మరో ఓడ ఎక్కి, సెప్టెంబరు 29న చైనా తీరంలో పోర్చుగీసు వాళ్ల మకావులో దిగాడు. అప్పులవాళ్లతోపాటు భార్యను కూడా తప్పించుకున్నాడన్నది అప్పటివాళ్లు నవ్వుతూ చెప్పుకున్న మాట.

ఆ నవ్వుకు ఒక కారణం ఉంది. విదేశీ వర్తకులు వ్యాపారం చేసే చోటు కాంటన్, ఇప్పటి గ్వాంగ్‌జౌ. అక్కడికి విదేశీ స్త్రీలు రాకూడదని చైనా ప్రభుత్వం శాసనం. మేరియన్ మకావు వస్తానని కబురు చేసిందన్న వదంతి పుట్టినప్పుడల్లా చిన్నరీ కాంటన్ బయల్దేరేవాడట. ఆడవాళ్లను రానివ్వని ఆ సర్కారు ఎంత దయగలదో అని మెచ్చుకునేవాడని అమెరికన్ వర్తకుడు విలియం హంటర్ రాసుకున్నాడు. మేరియన్ మకావు రానే లేదు. ఇంగ్లండు తిరిగి వెళ్లి, అతని కన్నా పదమూడేళ్లు ఎక్కువ బతికి, 1865లో బ్రైటన్‌లో చనిపోయింది. ఈ జోకు మేరియన్ వైపు నుంచి వింటే అంత నవ్వు రాదు.

మకావులో చిన్నరీ ఇరవై ఏడేళ్లు ఉన్నాడు. అక్కడి వాళ్లకు అతనొక వింత మనిషి. మద్యం ముట్టడు. టీ మాత్రం ఎడతెగకుండా తాగుతాడు. బెంగాల్లో మరిగిన కూరా అన్నం లాగించేస్తాడు. నస్యం పీలుస్తాడు. కబుర్లు చెబితే వినేవాళ్లు కదలరు. 1829లో మామయ్య కుటుంబంతో మకావు వచ్చిన హారియట్ లో అనే అమెరికన్ యువతి అతని దగ్గర బొమ్మలు నేర్చుకుంది. ఆమె డైరీలో ఈ ముసలాయన చాలాసార్లు కనిపిస్తాడు. 1833లో ఆమె వెళ్లిపోయే ముందు అతను గీసిన ఆమె చిత్రం మసాచుసెట్స్‌లోని సేలం మ్యూజియంలో ఉంది. తన ముఖాన్ని కూడా అతను వదల్లేదు. అద్దాలు కిందికి జారి, దవడ ముందుకొచ్చి, తలుపు చాటునుంచి తొంగి చూస్తున్నవాడిలా ఉండే తన చిత్రాలు చాలానే గీసుకున్నాడు. తన వికారమైన ముఖం గురించి అందరికంటే ముందు తానే జోకు వేసేవాడు.

మకావులో అతనికి డబ్బిచ్చింది ఎవరో చూస్తే ఆ కాలం మొత్తం అర్థమవుతుంది. ఓ పక్క చైనా వర్తకుడు హౌకువా. 1834లో తన ఆస్తి రెండు కోట్ల అరవై లక్షల డాలర్లని లెక్క వేసుకున్నవాడు. ఎముకల గూడులాంటి ఆ బక్క మనిషిని చిన్నరీ నీలి పట్టు అంగీలో కూర్చోబెట్టి గీశాడు. మరో పక్క విలియం జార్డీన్. ఓడలో వైద్యుడిగా మొదలై నల్లమందు వ్యాపారంలో కోటీశ్వరుడైనవాడు. ఆ నల్లమందు ఎక్కడిది? బీహారుది. అక్కడ పాట్నాలో కంపెనీ నల్లమందు ఏజెంటుగా 1821 నుంచి కూర్చున్నది ఎవరు? ఢాకా స్నేహితుడు, అదే డాయ్లీ. సరుకు కొలిచి ఓడకెత్తే చోట శిష్యుడు, దించి అమ్మే చోట పోషకుడు. చిన్నరీ చేతికి ఆ వ్యాపారం మసి అంటలేదు. అతని రంగుల డబ్బా మాత్రం ఆ సొమ్ముతోనే నిండింది. 1839లో నల్లమందు యుద్ధం వచ్చినా అతని పని ఆగలేదు.

అన్నీ అలాంటి సొమ్మువే కావులెండి. మకావులో పేదలకు ఉచితంగా కంటి ఆసుపత్రి నడిపిన డాక్టర్ థామస్ కాలెడ్జ్‌ను 1833లో గీశాడు. వైద్యుడు నిలబడి ఉంటే, చూపు వచ్చిన చైనా ముసలమ్మ పక్కన ఉంటుంది. బైబిలును చైనా భాషలోకి తెచ్చిన రాబర్ట్ మారిసన్‌ను ఇద్దరు చైనా సహాయకులతో కలిపి గీశాడు. ఆ అసలు చిత్రం పోయింది, అచ్చు వేసిన నకళ్లు మిగిలాయి.

కానీ పోర్ట్రెయిట్లను పక్కన పెట్టండి. మకావు వీధుల్లో అతను తెల్లవారకముందే లేచి గీసిన పెన్సిల్ బొమ్మల్లో ఉన్న ప్రాణం వేరు. చింతనిప్పుల్లాంటి కొలిమి ముందు కమ్మరి, రోడ్డు పక్క క్షవరం చేస్తున్న మంగలి, జూదమాడే కూలీలు, పందులు, పడవల్లో బతికే తాంకా ఆడవాళ్లు. మద్రాసులో బెస్తవాళ్లను చూసిన చూపే ఇది. వీళ్లెవరూ ఒక్క పైసా ఇవ్వలేదు. అందుకే కాబోలు, వీళ్ల ముందు ఎర్ర తెరలూ స్తంభాలూ పెట్టాల్సిన పని పడలేదు. పెద్దమనుషుల ముఖాల్లో ముక్కు కింద అతను తప్పకుండా వేసే సింధూరపు ఛాయ కూడా ఈ బొమ్మల్లో అక్కర్లేకపోయింది.

గిరాకీకి పోటీ వచ్చింది. పేరు లాంకువా. కాంటన్‌లో దుకాణం పెట్టిన చైనా చిత్రకారుడు. చిన్నరీ పద్ధతిని అక్షరాలా పట్టేశాడు. తాను అతని శిష్యుణ్ణని లాంకువా చెప్పుకుంటే, చిన్నరీ ఒప్పుకోలేదు. అందమైన ముఖాలు గీయబడును అన్న అర్థంలో బోర్డు పెట్టి, చిన్నరీ అడిగేదానికంటే తక్కువకే పని చేసిచ్చేవాడు. ఓడల కెప్టెన్లకు ఇంతకంటే ఏం కావాలి? ఫర్వానియాలో తక్కువ ధరకు పని చేసిచ్చే కొత్త దుకాణం వీధి చివర తెరిస్తే పాత షాపువాడి ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉండి ఉంటుంది చిన్నరీ ముఖం. ఇది చాలనట్టు, 1844లో జూల్ ఇటియే అనే ఫ్రెంచి అధికారి ఒక పెట్టె తెచ్చి మకావులో డాగెరోటైపులు తీశాడు. కెమెరా వచ్చేసింది.

1846లో చిన్నరీ కొత్తగా పుట్టిన హాంకాంగ్‌కు వెళ్లి కొన్ని నెలలు ఉన్నాడు. ఒంట్లో బాగా లేక పెద్దగా గీయలేదు. 1852 మే 30న మకావులోని తన ఇంట్లో పోయాడు. ఓడ ఎక్కి యాభై ఏళ్లు నిండటానికి పన్నెండు రోజులు తక్కువ. రస్సెల్ కన్నుమూసిన సంవత్సరం కూడా అదే. పాత ప్రొటెస్టంట్ శ్మశానంలో పాతిపెట్టారు. ఇంట్లో వేలకొద్దీ స్కెచ్‌లు. అప్పులు తీర్చడానికి సామాన్లు వేలం వేశారు. అలా చెల్లాచెదురైన కాగితాలు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, హాంకాంగ్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్, సేలం దాకా చాలా చోట్ల ఉన్నాయి. మకావులో అతని పేరు మీద ఒక వీధి ఉంది. జేమ్స్ క్లావెల్ టైపాన్ నవలలో అరిస్టాటిల్ క్వాన్స్ అనే తాగుబోతు చిత్రకారుడికి ఇతనే నమూనా. టీ తప్ప తాగని మనిషికి ఇది కొంచెం అన్యాయమే.

ఇవన్నీ చూడాలనుకునే శ్రోతలకు రెండు మాటలు. చిన్నరీ తన ముఖం తానే గీసుకున్న పెద్ద చిత్రం లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వాళ్ల దగ్గర ఉంది. కిర్క్‌పాట్రిక్ పిల్లల చిత్రం హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు సొంతమై హాంకాంగ్ చేరింది. సెలవు మీద హైదరాబాదు వెళ్లేవాళ్లకు ఇంత దూరం అక్కర్లేదు. 2022 దాకా కోఠీ విమెన్స్ కాలేజీగా ఉన్న ఆవరణలోని పెద్ద స్తంభాల భవనమే కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టి కట్టించిన రెసిడెన్సీ. ఆ పిల్లల ఇల్లు ఉన్నది ఆ ఆవరణలోనే.